హైలాండ్ గేమ్స్‌కు కిల్ట్: ఉన్నిదా, పాలీవిస్కోస్‌దా? మరకల దగ్గర ఏది నిలుస్తుంది?

తాడుజట్టు:
స్కాట్లండ్ సంప్రదాయ ఆటల పోటీలైన హైలాండ్ గేమ్స్‌కు వెళ్లే జట్టుకు ఎనిమిది కిల్టులు (అక్కడి మగవాళ్లు కట్టే కుచ్చిళ్ల లంగాలు) కుట్టించాలి. తాడు లాగేవాళ్లు పచ్చిక మీద వెల్లకిలా పడటం ఖాయం. సుత్తి, బరువు విసిరేవాళ్లు పట్టు కోసం చేతికి రోజిన్ (చెట్టు జిగురు) రాసుకుని అదే చెయ్యి కిల్టుకు తుడుస్తారు. వాన సంగతి చెప్పనక్కర్లేదు. కుట్టేవాళ్లు 16 ఔన్సుల ఉన్ని అంటున్నారు. జట్టులో సగంమంది, మెషీన్‌లో పడేసే పాలీవిస్కోస్ (పాలిస్టర్, విస్కోస్ అంటే రేయాన్ కలిపిన బట్ట) చాలంటున్నారు. కాన్వాస్ మాటా వచ్చింది. మరకల పరంగా ఏది మేలో చెప్పండి.

పడుగుపేక:
ఉన్నే. అదీ వర్‌స్టెడ్ నూలుతో (పొడవాటి పోగులు దువ్వి వడికింది) బిగువుగా నేసిన 2/2 ట్విల్, అంటే ఏటవాలు గీతల నేత. ఉన్ని పోగు మీద చేపకున్నట్టు పొలుసులుంటాయి, పైన సన్నని కొవ్వు పొర ఉంటుంది. అందుకే చినుకు వెంటనే ఇంకదు, బొట్టుగా నిలిచి జారిపోతుంది. ఆవిరి రూపంలో వచ్చే చెమటను మాత్రం పోగు లోపలికి తీసుకుంటుంది. తన బరువులో దాదాపు మూడో వంతు తేమ పట్టినా చేతికి తడి తెలియదు. గొంగడి కప్పుకున్న గొర్రెలకాపరికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు.

బురద అంటితే ముట్టుకోవద్దు. పూర్తిగా ఎండనిచ్చి, మెత్తని బ్రష్‌తో కుచ్చిళ్ల వెంట పైనుంచి కిందికి దులిపితే చాలావరకు పోతుంది. తడి బురదను గుడ్డతో రుద్దితేనే మట్టి నేతలోకి దిగుతుంది.

బరువు లెక్క కూడా చూసుకోండి. మిల్లు 16 ఔన్సులంటే సుమారు 150 సెంటీమీటర్ల పన్నాలో గజం పొడవు బట్ట బరువు. 8 గజాల కిల్టుకు ఆ పన్నాలో 4 గజాలు తీసుకుని నిలువునా రెండుగా చీలుస్తారు. మొత్తం 64 ఔన్సులు, అంటే 1.8 కిలోలు. 13 ఔన్సుల బట్టయితే కిలోన్నర, 11 అయితే కిలోంబావు. చదరపు మీటరుకు 16 ఔన్సుల బట్ట 330 గ్రాములు, 13 ఔన్సులది 270 గ్రాములు తూగుతుంది. కాన్వాస్‌ను చాలాచోట్ల చదరపు గజం లెక్కన చెబుతారు, రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి మోసపోవద్దు.

నీలిమందు:
మరక పట్టకపోవడం వేరు, పట్టింది వదలడం వేరు. పడుగుపేక గారు మొదటిదే చెప్పారు. పచ్చిక పసరు, రక్తం, రోజిన్ దులిపితే పోవు కదా! వాటిని ఉతకాలి. ఉన్ని కిల్టును మెషీన్‌లో వేస్తే ఏమవుతుందో అందరికీ తెలుసు: వేడి, తడి, తిప్పుడు మూడూ కలిస్తే పొలుసులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని బట్ట కంబళిలా బిగుసుకుపోతుంది. పైగా మామూలు బయో పౌడర్‌లో (ఎంజైములు కలిపిన ఉతుకు పొడి) ఉండే, ప్రోటీన్‌ను విరగ్గొట్టే ప్రోటీయేజ్ ఎంజైమ్ ఉన్నినే తింటుంది, ఉన్నీ ప్రోటీనే కాబట్టి. పాలీవిస్కోస్‌లో 65 పాళ్లు పాలిస్టర్, 35 విస్కోస్. 30 డిగ్రీల నీళ్లలో వేసి, నెమ్మది సైకిల్‌లో ఉతికి, నీడన ఆరేస్తే సరి. పాలిస్టర్ వేడికి రూపు పట్టే పోగు, కుచ్చిళ్లు ఒకసారి వేడితో నిలిపితే ఉతికినా కత్తిమొనలా ఉంటాయి. ఉన్నికి ఆవిరితో పెట్టిన మడత బాగా తడిస్తే సడలుతుంది.

పడుగుపేక:
నూనె మాట దాటేశారు. పాలిస్టర్ నీటిని వద్దంటుంది కానీ నూనెను పిలిచి కూర్చోబెడుతుంది. బర్గర్ కొవ్వు పడి ఆ రోజే చూడకపోతే 30 డిగ్రీల ఉతుకుకి కదలదు, తెలియక ఇస్త్రీ చేస్తే ఇక శాశ్వతం. ఇక ఆ 35 పాళ్ల విస్కోస్ తడిస్తే బలం సగందాకా కోల్పోతుంది. తడి పచ్చిక మీద ఈడ్చుకుపోయే తాడుజట్టుకు అదా బట్ట? మొదట కూర్చునే చోట నూగు లేస్తుంది, ఆ నూగులో మట్టి చేరుతుంది.

కాన్వాస్ గురించి ఒక్క మాట: నీళ్లు తాగి బరువెక్కుతుంది, ఆరదు, తొడల మధ్య ఒరుసుకుంటుంది. తోటపనికి పనికొస్తుంది.

కుచ్చిళ్లు:
బట్ట దగ్గరే ఆగిపోయారు. ఉతికేటప్పుడు చెడేది చాలాసార్లు బట్ట కాదు, కుట్టు. లోపలి లైనింగ్ నూలుది. అది ఒక తీరున కుంచించుకుపోతుంది, ఉన్ని ఇంకో తీరున, దాంతో నడుము దగ్గర ముడతలు లేస్తాయి. నడుం బిగించే తోలు పట్టీ నానితే రంగు వదిలి పక్క బట్ట మీద గోధుమ చార పడుతుంది. ఉతికేదే అయితే తోలు వద్దు, నైలాన్ పట్టీ పెట్టించండి. లైనింగ్ బట్టను కోయకముందే ఒకసారి ఉతికించండి.

ఏ బట్టయినా నీళ్లలో పెట్టేముందు కుచ్చిళ్లన్నిటినీ నూలు దారంతో అడ్డంగా మూడు వరసలు టాకా వేయాలి: అంచుకు రెండంగుళాల పైన ఒకటి, మధ్యలో ఒకటి, గట్టి కుట్టు మొదలయ్యే చోట ఒకటి. ఆరాక తడిగుడ్డ పరిచి ఇస్త్రీ పెట్టెను అద్దండి, ఈడ్చవద్దు. టాకా చివర్న విప్పాలి. పీవీకి (పాలీవిస్కోస్‌కు) పెట్టె వేడి ఎక్కువైతే మెరుపు మచ్చ పడుతుంది, అది పోదు.

మరకల విషయానికొస్తే, రక్తానికి చన్నీళ్లే, వేడి తగిలితే గడ్డకట్టి ఉండిపోతుంది. పసరుకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది, అదీ లోపలి మడతలో రంగు పోతుందేమో చూసుకున్నాకే. రోజిన్‌కూ అదే ఆల్కహాల్, కానీ ముందు ఐసు పెట్టి పెళుసెక్కించి గీకి తీసేయండి. లేకపోతే కరిగిన జిగురు చుట్టూ పాకుతుంది. కొవ్వుకు మొక్కజొన్న పిండి చల్లి రాత్రంతా వదిలేయాలి.

తాడుజట్టు:
నీటిని నెట్టేసే స్ప్రే కొడితే ఈ గొడవే ఉండదు కదా?

నీలిమందు:
కొట్టొచ్చు, కానీ కిల్టుకు అది సగం పనే. మడతలు మూసి ఉన్నప్పుడు కొడితే లోపలి ముఖాలకు మందు అందదు. వాన అటునుంచి ఇంకి, అందిన చోటికీ అందని చోటికీ మధ్య నీటిగీత కడుతుంది. ఒక్కో కుచ్చును విప్పి కొట్టాలి. పాత రకం ఫ్లోరిన్ మందులు నూనెనూ ఆపేవి. వాటితో ముడిపడ్డ పీఎఫ్‌ఓఏ అనే రసాయనం మీద యూరోపియన్ యూనియన్‌లో 2020 జులై నుంచి నిషేధం ఉంది. ఇప్పుడు దొరికే ఫ్లోరిన్ లేని రకాలు నీటిని ఆపుతాయి, కొవ్వును ఆపవు. చాలా రకాలకు పనితనం మళ్లీ రావాలంటే వేడి తగలాలి. పీవీకి తక్కువ వేడి డ్రైయర్ సరిపోతుంది, ఉన్నికి అది కుదరదు. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వాడితే కొట్టిందంతా వృథా.

కుచ్చిళ్లు:
స్ప్రే కంటే రంగు చవక. హంటింగ్ (అడవి రంగుల) రకంలోనో, వెదర్డ్ (వెలిసినట్టుండే) రంగుల్లోనో గోధుమ, ముదురాకుపచ్చ ఉన్న టార్టన్ (కిల్టు గళ్ల నమూనా) తీసుకుంటే సగం మరకలు కనపడవు. తెల్ల గళ్లుండే డ్రెస్ టార్టన్ మాత్రం వద్దే వద్దు.

తాడుజట్టు:
సరే, విసిరే ఇద్దరికీ 13 ఔన్సుల ఉన్ని, తాడువాళ్లు ఆరుగురికీ పీవీ అనుకుంటున్నాం. వెదర్డ్ రంగుల్లో ఒకే టార్టన్, బట్ట మాత్రం రెండు రకాలు.

పడుగుపేక:
తాడువాళ్లకూ ఉన్నే అని నేనింకా అంటాను. అదలా ఉంచండి, రంగు కలవదు. ఉన్నికి ఆమ్లరంగులు, పాలిస్టర్‌కు డిస్పర్స్ రంగులు, విస్కోస్‌కు మళ్లీ వేరే. గళ్ల కొలత కూడా మిల్లు మిల్లుకూ మారుతుంది. కుచ్చు పడే తీరే మారిపోతుంది అప్పుడు. రెండు బట్టల ముక్కలూ తెప్పించి, ఆరుబయట పగటి వెలుతురులో పక్కపక్కన పెట్టి చూశాకే ఆర్డరివ్వండి. లేదంటే ఫొటోలో రెండు జట్లు నిలబడినట్టుంటుంది.