అత్తమ్మ ఓళిగలు (బొబ్బట్లు) మానేసింది, ఇప్పుడు నిజం చెప్పాలా?

డ్రిప్పుపైపుల_కోడలు (అనంతపురం)

నాకు 36. పెళ్లయి తొమ్మిదేళ్లు. నేను ఒక ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తాండా, మా ఆయనకు డ్రిప్పు పైపుల అంగడి ఉండాది. పెళ్లయిన రెండో ఏడే బిడ్డలు వద్దని ఇద్దరం అనుకున్నాం. పెద్ద కారణమేదన్నా ఉంటే చెప్పుకోనీకి బాగుండు. లేదు. ఇద్దరికీ ఆ ఆశ పుట్టలా, అంతే. రోజూ ప్రెగ్నెన్సీ రిపోర్టులు ఇచ్చేది మాత్రం నా చేత్తోనే. అక్కడే కౌంటరు దగ్గర ఏడ్చేటోళ్లుంటారు, పాజిటివ్ వచ్చిందని కొందరు, రాలేదని కొందరు.

ఇంట్లో ఎవరికీ ఈ సంగతి చెప్పలేదు. "ఇంకా ఏం విశేషం లేదా" అంటే "చూస్తాండాం" అని తప్పించుకుంటాం. అట్ల అన్నన్నాళ్లూ అందరూ మంచిగానే ఉండారు. తల నిమురుతారు, కదిరి నరసింహస్వామికి మొక్కుకోమంటారు. ఒక్కసారి తాడిపత్రిలో మా పెద్దమ్మ దగ్గర నోరు జారినా, "పుట్టక కాదు పెద్దమ్మా, మేమే వద్దనుకున్నాం" అని. "ఇంత స్వార్థమా మే నీకు?" అనింది. అంతకు గంట ముందు నా మీద జాలితో కళ్లు తుడుచుకున్న మనిషే.

అసలు సంగతి మా అత్తమ్మది. నాలుగేళ్ల కింద నన్ను తిమ్మమ్మ మర్రిమానుకు పిల్చుకోని పోయింది. ఎరగనోళ్ల కోసం చెప్తాండా, కదిరి పక్కన దగ్గర దగ్గర అయిదెకరాలు పరుచుకున్న చెట్టు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. మా అనంతపురం జిల్లాదే, 2022 నుంచి సత్యసాయి జిల్లా లెక్కలోకి పోయింది. బిడ్డల్లేని మొగుడూ పెళ్లాం మొక్కుకుంటే ఏడాది తిరిగేలోగా కడుపు పండుతుందని నమ్మకం. అత్తమ్మ ఒక ఊడకు పసుపుగుడ్డ కట్టింది. నేను పక్కన చేతులు జోడించుకోని నిలబడినా. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు నా హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి.

ఆ తర్వాత వచ్చిన ఉగాది నుంచి అత్తమ్మ ఓళిగ ముట్టలేదు. షుగరొచ్చింది అంటాండె. పోయిన వారం మోకాళ్ల నొప్పులని మా ఇంటికొస్తే రక్తం నేనే తీసినా. ఫాస్టింగ్ 92. "నీకు షుగర్ యాడుంది అత్తమ్మా?" అంటే చానాసేపు మాట్లాడలా. మనవడో మనవరాలో ఎవరో ఒకరు పుట్టేదాకా ఓళిగ తిననని ఆ చెట్టు కింద మొక్కుకుందంట. పప్పు రుబ్బి, పూర్ణం కలిపి, నెయ్యేసి కాల్చి అందరికీ పెట్టేది మాత్రం ఆమే.

బిడ్డలు వద్దనుకోవడం స్వార్థమా కాదా, మొగమాటం లేకుండా చెప్పండి. ఇంకోటి, నిజం చెప్పేయాలా, ఇట్లే నెట్టుకుపోవాలా?

ఆదోని_హెడ్మాస్టరు

అమ్మా, మొగమాటం వద్దన్నావు కాబట్టి చెప్తున్నాను, స్వార్థమే. జనాభా నిలకడగా ఉండాలంటే ఒక్కో స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు పుట్టాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రం లెక్క 1.7. నేను రిటైరయినవాణ్ణి. నా పింఛను ఇప్పుడు పనిచేస్తున్న వయసువాళ్లు కట్టే పన్నుల్లోంచి వస్తుంది. రేపు నీకు డెబ్భై ఏళ్లొచ్చాక బస్సు నడిపేది, సూదేసేది, కరెంటు తీగ సరిచేసేది ఎవరో ఒకరు కన్న బిడ్డలే కదా. వాళ్లను పెంచే కష్టం ఇంకొకరికి వదిలేసి ఫలం మాత్రం నువ్వు అందుకుంటావు. తిట్టడం లేదమ్మా, లెక్క చెబుతున్నాను.

ఏఎన్ఎం_అక్క (నంద్యాల రోడ్డు)

సార్, లెక్క తీసినారు కాబట్టి నాదీ చూడండి. నేను ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో రెండో కాన్పు కాగానే ఆపరేషనుకు ఒప్పించమని మా మీద టార్గెట్లు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి బిడ్డలుంటే సర్పంచిగా నిలబడే అర్హతే లేకుండా చేసినారు. 2024 నవంబరులో అసెంబ్లీలో ఆ నిబంధన ఎత్తేసినారు, ఇప్పుడు కనండి కనండి అంటాండారు. అప్పుడు మూడో బిడ్డ ఉన్నోళ్లు తెలివిలేనోళ్లు, ఇప్పుడు ఒక్క బిడ్డా లేనోళ్లు స్వార్థపరులు. మీరు చెప్పిన అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. మన రాష్ట్రంలో పెళ్లయి కాన్పు వయసులో ఉన్న ఆడోళ్లలో నూటికి దాదాపు 70 మంది ఆపరేషను చేయించుకున్నోళ్లే. భర్త చేయించుకున్న ఇండ్లు నూటికి ఒకటి కూడా లేవు. ఆపాలన్నా కోత మాకే, పెంచాలన్నా కాన్పు మాకే.

పాపా, నీ ప్రశ్నకు జవాబు: స్వార్థం కాదు. అత్తకు చెప్పు.

కడప_కారందోశ

మా కడపలో తెలుగు నిఘంటువు రాసిన బ్రౌన్ దొర ఉండె. పెండ్లే చేసుకోలా, బిడ్డల్లేరు. బంగళా కొని పండితుల్ని పెట్టుకోని, సొంత డబ్బు పోసి, అప్పులు చేసి మరీ తెలుగు తాళపత్రాలు రాయించినాడు. ఆయన స్థలంలో ఇప్పుడు లైబ్రరీ ఉండాది. ఆయన్ని ఒక్కరన్నా స్వార్థపరుడు అన్న్యారా? బిడ్డల్లేకపోయినా లోకానికి ఏదన్నా చేయొచ్చు. మీరూ అట్లాంటిదేదన్నా మొదలుపెట్టండి వదినా, ఎవరూ నోరెత్తరు.

డ్రిప్పుపైపుల_కోడలు

దోశన్నా, మంచి మనసుతోనే చెప్పినావు. కానీ నేను సాయంత్రం ఇంటికొచ్చి సీరియల్ చూస్తా, చెనిక్కాయలు వేయించుకోని తింటా. ముగ్గుర్ని కన్నామె ఏ నిఘంటువూ రాయకపోయినా ఏమీ అనరు. నేను మాత్రం బిడ్డల్లేనందుకు బదులుగా ఏదో ఒకటి కట్టాల్నా?

హెడ్మాస్టరు సారూ, మీ లెక్క గట్టిదే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పన్ను కడతాండా, మా ఆడబిడ్డ కొడుక్కు ఫీజు కడతాండా. దాంతో లెక్క సరిపోయిందని మాత్రం అనను.

కర్నూలు_నల్లకోటు

చట్టం సంగతి రెండు ముక్కలు. బిడ్డను కనాలా వద్దా అన్నది రాజ్యాంగం 21వ అధికరణం కింద స్త్రీ వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 2009లో చెప్పింది. అయితే అదే కోర్టు 2007లో ఇంకో మాట అంది. పెళ్లయ్యాక భార్యాభర్తల్లో ఒకరు రెండోవాళ్ల ఇష్టం లేకుండా బిడ్డలు వద్దని తేల్చేస్తే, అది మానసిక క్రూరత్వం కావచ్చని. మీరిద్దరూ కలిసి అనుకున్నారు కాబట్టి ఆ బాధ లేదు. అత్తగారు ఈ కేసులో పార్టీ కాదు. ఓళిగల విషయంలో మాత్రం బాధితురాలే.

ఇద్దరు_పిల్లల_తల్లి

మీ పోస్టు చదివి నిన్న నాకు ఒళ్లు మండింది. స్వార్థం అనే రాయబోయి ఆపేసినా. రాత్రి చిన్నోడికి జ్వరమొచ్చి మేలుకోని ఉన్నప్పుడు తెలిసొచ్చింది, అది కోపం కాదు, కడుపుమంట. శనివారం సాయంత్రాలు మీరు ఏం చేస్తారో చెప్పండి, వినాలనుంది.

డ్రిప్పుపైపుల_కోడలు

బట్టలు ఉతుక్కుంటాం చెల్లీ. నిజంగా. చిన్నోడికి తగ్గిందా?

డ్రిప్పుపైపుల_కోడలు (తొమ్మిది రోజుల తర్వాత)

చెప్పేసినా. ఆదివారం ఊరికి పోయి, మా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోనే చెప్పినా. ఆయన చెప్తాడేమోనని చూసినా గానీ, చెప్పుల బెల్టు సవరించుకుంటా కూర్చున్న్యాడు.

అత్తమ్మ చెనిక్కాయలు వొలుస్తాండె. చెయ్యి ఆపలా. "ఇద్దరికీ ఇష్టమేనా?" అని అడిగింది. అవునన్నాం. "ఎప్పుడనుకున్న్యారు?" అనింది. ఏడేళ్లయిందన్నా. అప్పుడు చేట పక్కన పెట్టింది. "అయితే చెట్టు కాడికి వచ్చేటప్పటికే తెలుసా నీకు?" అనింది. తల ఊపినా. ఇంకేం అనలా, లేచి పెరట్లోకి పోయింది. స్వార్థం అనే మాట ఆమె నోట రాలేదు. వచ్చుంటే నా దగ్గర జవాబు రెడీగా ఉన్నింది, మీరందరూ ఇచ్చిందే. ఆమె అడిగిన ప్రశ్నకు మాత్రం ఏమీ లేదు.

నాలుగు రోజులు ఫోనెత్తలా. నిన్న తానే చేసింది. బిడ్డ ఊసెత్తలా, మోకాళ్లకు రాసుకునే మందు ఏదని అడిగింది. పెట్టేసే ముందు, "మే, మీ మామను పూజారి కాడికి పంపించినా. మొక్కుకున్నోళ్లకు నిజం తెలియకుండా మొక్కిన మొక్కు చెల్లుతుందా చెల్లదా అని అడిగి రమ్మన్నా" అనింది.

ఆయన ఇంకా రాలేదంట.