యోగసాధనలో మనసుకు తోచిన మాటను ఎంతవరకు నమ్మవచ్చు?

పాలకొల్లు గృహిణి:
నాలుగేళ్లుగా మా ఊరి యోగ తరగతికి వెళుతున్నాను. మాకున్న రెండెకరాల వరిచేనును రొయ్యల చెరువు తవ్వుకోవడానికి అయిదేళ్ల లీజుకు ఇమ్మని ఒకరు అడుగుతున్నారు. వరి కౌలు కంటే చాలా ఎక్కువ ఇస్తామంటున్నారు కనుక మా వారు సుముఖంగా ఉన్నారు. పది రోజుల క్రితం శవాసనం ముగించి పక్కకు ఒత్తిగిలి లేస్తుండగా “ఇవ్వవద్దు” అన్న మాట లోపలి నుంచి స్పష్టంగా వచ్చింది. ప్రశాంతంగా ఉన్నప్పుడు మొదట తోచినదే సత్యమని, దానిని ప్రశ్నించకూడదని మా గురువుగారు అంటారు. అది కూడా ఒక చిత్తవృత్తే, అంటే మనసులో లేచే ఒక కదలికే తప్ప వేదవాక్కు కాదని మా మామగారు అంటారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియజేయగలరు.

రాజోలు సాధకురాలు:
గురువుగారి మాటే పట్టుకోండి. యోగసూత్రాలలో “ఋతంభరా తత్ర ప్రజ్ఞా” (అప్పుడు కలిగే ప్రజ్ఞ సత్యంతో నిండినది) అని సమాధిపాదంలోనూ, “ప్రాతిభాద్వా సర్వమ్” (లేదా తనంత తాను స్ఫురించే జ్ఞానం వల్ల అంతా తెలుస్తుంది) అని విభూతిపాదంలోనూ పతంజలి చెప్పినది, ఆలోచనతో పనిలేకుండా నేరుగా కలిగే జ్ఞానం గురించే కదా. మనం ఆడవాళ్లం “నీకేం తెలుసు, ఊరుకో” అన్న మాట వింటూ పెరిగాం. సాధన వల్ల ఇన్నాళ్లకు వినబడిన గొంతును మళ్లీ మన చేతులతోనే నొక్కుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

భీమవరం చెరువు రైతు:
రాజోలు చెల్లెమ్మ ఆవేదన న్యాయమైనదే. అయితే ఆమె ఉదహరించిన ఋతంభర సూత్రం సమాధిపాదంలో 48వది, దానికి ముందున్నదానిని కూడా చదవాలి. సూక్ష్మమైన ఆలోచన కూడా అణగిన నిర్విచార సమాధి తేటపడినప్పుడు కలిగే ప్రసన్నత గురించి 47వ సూత్రం చెప్పిన తరువాతే ఋతంభర ప్రస్తావన వస్తుంది. ఉదయం గంటసేపు ఆసనాలు వేసి వంటింట్లోకో పొలంలోకో వెళ్లే మనబోటి గృహస్థులకు ఇచ్చిన హామీ కాదది. సరైన జ్ఞానానికి ఆధారాలేవో చెప్పవలసి వచ్చినప్పుడు ఆ పతంజలే ప్రత్యక్షం (నేరుగా చూసినది), అనుమానం (గుర్తులను బట్టి ఊహించి తేల్చినది), ఆగమం (నమ్మదగినవారి మాట) అని మూడింటినే లెక్కపెట్టారు. కనుక మీ మామగారి మాటలో బలముంది.

అలాగని తోచినదానిని తోసిపుచ్చమని నేను చెప్పను. పదకొండేళ్లుగా ప్రాణాయామం చేస్తున్నాను, వనామీ రకం రొయ్యల సాగు కూడా దాదాపు అప్పటి నుంచే. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకోవడమే తప్ప తయారు చేయదు కాబట్టి తెల్లవారుజామున చెరువులో అది బాగా పడిపోతుంది. నీటిలో కరిగిన ఆక్సిజన్ (డీఓ) లీటరుకు 3 మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్యకు ప్రమాదం. రాత్రి రెండు గంటలకు “చెరువు బాగాలేదు” అన్న మాటతో నాకు మెలకువ వచ్చేది. గట్టెక్కి టార్చి వేస్తే ఒక్కోసారి అంచు పొడవునా ఎర్రటి కళ్లు గుంపులుగా మెరిసేవి, అంటే ఆక్సిజన్ చాలక రొయ్యలు పైకి తేలుతున్నాయన్నమాట. ఒక్కోసారి ఏమీ ఉండేది కాదు, నీటికి గాలి అందించే ఏరియేటర్ల చప్పుడు తప్ప.

ఒక పంటకాలమంతా నేను ఒక పని చేశాను. డీఓ కొలిచే మీటరును నీటిలో ముంచకముందే, ఏమనిపించిందో, ఊపిరి ఎలా ఆడుతోందో నోటుపుస్తకంలో రాసి, తరువాత రీడింగును దాని పక్కన వేసేవాడిని. పట్టుబడి అయ్యాక చూసుకుంటే, పగలంతా మబ్బు పట్టి గాలి ఆగిన రాత్రులలో వచ్చిన మెలకువ దాదాపు ప్రతిసారీ నిజమైంది, మేత బాకీ కోసం ఫోను వచ్చిన రోజున వచ్చినది దాదాపు ప్రతిసారీ వట్టిదైంది. మొదటి రకంలో నీటి రంగును, రొయ్యలు ఎంత తిన్నాయో చూసే చెక్ ట్రేలో మిగిలిన మేతను కన్ను ముందే చూసింది, మనసు లెక్క కట్టింది. రెండో రకంలో మాట్లాడినది అప్పుల భయం. లోపల మాత్రం రెండూ ఒకే గొంతుతో పలికాయి, ఒకేలా స్పష్టంగా పలికాయి. భయం పలికినప్పుడు ఊపిరి ఛాతీ పైభాగాన బిగుసుకుంటుందని గమనించే ఓర్పును సాధన నాకు ఇచ్చింది, కానీ ఏది ఏదో నేర్పినది నోటుపుస్తకమే.

రొయ్య ధర గురించి తోచినదానిని మాత్రం నేను ఎన్నడూ నమ్మను. మనస్తత్వవేత్తలు డేనియల్ కానెమన్, గ్యారీ క్లైన్ 2009లో కలిసి రాసిన వ్యాసంలో చూపిన తేడా కూడా ఇదే. మనం మసలే చోట ఒక క్రమం ఉండి, మన తప్పొప్పులు మనకు తెలిసివచ్చే అవకాశం ఉన్నప్పుడే తోచినదానికి విలువ అని వారు తేల్చారు. చెరువు నీటికి ఆ క్రమం ఉంది, ఎగుమతి బజారుకు లేదు. అమ్మా, ఆ మాట వచ్చిన వారంలో మీ కళ్లు ఏం చూశాయో ఒకసారి గుర్తు చేసుకోండి.

అమలాపురం నర్సు:
రైతుగారి మాటకు ఒక మినహాయింపు చేర్చాలి. బస్సులోనో ఒంటరి దారిలోనో ఒక మనిషిని చూసి ఒళ్లు జలదరిస్తే పరీక్షలు పెట్టుకోకుండా ముందు అక్కడి నుంచి తప్పుకోవాలి. పొరపాటైతే పోయేదేమీ లేదు. ఇక సాధకులు తమ శరీరాన్ని ఇతరుల కంటే బాగా వింటారన్నది కూడా అంత తేలికగా ఒప్పుకోదగినది కాదు. 2008లో వెలువడిన ఒక పరిశోధనలో, అనుభవజ్ఞులైన ధ్యానులు తమ గుండె చప్పుడును గుర్తించడంలో ఇతరుల కంటే మెరుగ్గా లేరని తేలింది. తాము బాగా గుర్తించామన్న నమ్మకం మాత్రం వారికి ఎక్కువగా ఉంది. నన్ను కలవరపెట్టేది ఆ నమ్మకమే.

రాజోలు సాధకురాలు:
నోటుపుస్తకం మాట ఒప్పుకుంటాను, అన్నయ్యగారూ. కానీ పెళ్లి, బిడ్డల చదువు, భూమి వంటివి జీవితంలో ఒక్కసారే వస్తాయి. వాటికి రీడింగు పక్కన వేసుకునే వీలెక్కడిది? అక్కడ నేను నా సాధననే నమ్ముతాను.

పాలకొల్లు గృహిణి:
రైతుగారు అడిగినట్లు గుర్తు చేసుకున్నాను. తరగతికి వెళ్లే దారిలో, మా చేనుకు రెండు కమతాల అవతల నిరుడు తవ్విన చెరువు ఉంది. దానిని ఆనుకున్న వరిచేను గట్టు మీద, సున్నం చల్లినట్లు, తెల్లటి ఉప్పు పేరుకుని ఉంది. అక్కడి దుబ్బులలో ఆకుల కొసలు మాడిపోయాయి. రోజూ దాని పక్క నుంచే నడిచాను కానీ ఒక్కనాడూ ఆగి చూడలేదు. ఈ రోజు మా వారిని తీసుకువెళ్లి చూపించాను. ఆయన వంగి ఆ ఉప్పును వేలితో తీసి నాలుకకు తాకించుకున్నారు. మా చేను మట్టి, బోరు నీళ్లు రేపు పరీక్షకు పంపుతున్నాం. ఫలితం వచ్చేవరకు లీజు కాగితం మీద సంతకం పెట్టబోమని అడిగినవారికి ఆయనే ఫోను చేసి చెప్పారు.