నెలకోసారి సంగీత పాడ్‌కాస్ట్: సొంత కబుర్లు ఎంతసేపు, పాట ఎంతసేపు? వీణ ముక్క ఎందుకు పాడవుతోంది?

ప్రశ్న: సత్యనారాయణపురం శ్రోత

విజయవాడ నుంచి నెలకొక ఎపిసోడ్, 25 నిమిషాలు. ఆ నెలలో విన్నవి, తుమ్మలపల్లి కళాక్షేత్రంలో జరిగిన కచేరీలు, ఇంట్లో వీణ సాధన, కచేరీకి కట్టుకున్న చేనేత, అన్నీ చెప్పాలని ఉంది. మూడు సందేహాలు. సొంత కబుర్లు ఎంతసేపు ఉండొచ్చు? ఆడాసిటీ (ఆడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్)లో నాయిస్ రిడక్షన్ (హోరు తగ్గించే సాధనం) వేస్తే మాట శుభ్రపడుతోంది కానీ వీణ నీళ్లలో మునిగినట్టు వినిపిస్తోంది, ఎందుకు? త్యాగరాజ కృతి, అన్నమయ్య కీర్తన, బాలమురళిగారి తిల్లానా, వీటి ముక్కలు వేయొచ్చా? గది రోడ్డు వైపు ఉంది. సీలింగ్ ఫ్యాను, యూఎస్‌బీ కండెన్సర్ మైకు.

జవాబు: మంద్రపంచమం

వీణ సంగతి ముందు. నాయిస్ రిడక్షన్‌కి మనం కొన్ని సెకన్ల ఖాళీ శబ్దం చూపిస్తాం. ఏ పౌనఃపున్యం దగ్గర ఎంత హోరుందో అది లెక్కగట్టి, ఆ మట్టానికి దిగిన ప్రతిదాన్నీ తగ్గిస్తుంది. మీటు గట్టిది కాబట్టి నిలబడుతుంది. మీటు తర్వాత సన్నబడుతూ సాగే నాదం హోరు మట్టానికి దిగగానే ముక్కలుముక్కలుగా తెగుతుంది. మీకు వినిపించే ఆ నీళ్ల శబ్దం అదే. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) చివరి ఊపు పోయేదీ అక్కడే. ఖాళీ శబ్దం చూపించేటప్పుడు తంబుర యాప్ మోగుతుంటే ఇంకా అన్యాయం: శ్రుతినే హోరనుకుని తుడిచేస్తుంది.

అందుకని మాట ఒక ట్రాక్, వీణ ఒకటి, తంబుర ఒకటి. రిడక్షన్ మాట మీదే వేయండి, 6 నుంచి 9 డీబీ (డెసిబెల్, గట్టిదనం కొలత) చాలు. తంబురను ఇయర్‌ఫోన్‌లో వింటూ వాయించండి, దాని ఫైలును తర్వాత కింద కలపండి. నాయిస్ గేట్ (ఒక మట్టానికి తగ్గిన శబ్దాన్ని మూసేసేది) వీణ దగ్గరికి రానీయొద్దు, కార్వై (స్వరాన్ని సాగదీసి నిలపడం) ఉన్న చోటల్లా కోసేస్తుంది.

మాటకు 80 హెర్ట్జ్ దగ్గర హై‌పాస్ ఫిల్టర్ (అంతకంటే తక్కువ పౌనఃపున్యాలను తీసేసేది) వేస్తే ఫ్యాను గాలి దడదడ పోతుంది. అదే ఫిల్టర్ వీణకు వేయకండి. 3 శ్రుతికి (E స్వరం ఆధారంగా) కట్టిన వీణలో అనుమంద్ర పంచమం (అన్నిటికంటే కింది స్థాయి తీగ) 60 హెర్ట్జ్ దరిదాపుల్లో పలుకుతుంది, ఆ తీగ బలమంతా పోతుంది. వీణ రికార్డు చేసే పది నిమిషాలు ఫ్యాను ఆపడం ఒక్కటే మార్గం. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడపండి, ఛార్జర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుయ్యి తగ్గుతుంది.

మాటకు మైకు 10–15 సెంటీమీటర్ల దూరంలో, నోటికి కాస్త పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే ప, భ పలికినప్పుడల్లా గాలి కొడుతుంది. వీణకు అర మీటరు దూరం, కుండ వైపు. శబ్దం శిఖరాలు (అత్యంత గట్టి క్షణాలు) మైనస్ 12, మైనస్ 6 డీబీల మధ్య ఉండేలా లెవెల్ పెట్టండి. మైకు వీపు కిటికీ వైపు తిప్పి, మీ వెనక గోడకు బొంత వేలాడదీయండి. చాలామంది బొంతను మైకు వెనక కడతారు. కార్డియాయిడ్ మైకు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేది) వినేది మీ వైపు నుంచి కాబట్టి అక్కడ ఉపయోగం తక్కువ. ధనుర్మాసంలో తెల్లవారుజామున గుడి మైకులుంటాయి, ఆ నెల రికార్డింగు రాత్రికి మార్చుకోండి.

జవాబు: నిజాం అంచు

సొంత కబుర్లు 4 నిమిషాలు, అవీ మొదట్లో వద్దు. మొదటి నిమిషంలోనే ఒక పాట గురించి ఒక గట్టి మాట చెప్పండి. "ఈ నెల తోడి రాగంలో గాంధార స్వరం దగ్గర ఆగిపోయాను" అంటే అది సాధన కబురూ, సంగీతమూ రెండూ. ఇల్లు మారారా? కొత్త గదిలో వీణ ఎలా మోగుతోందో చెప్పండి. వినేవాళ్ల చెవికి ఏదీ ఇవ్వని కబురు తీసేయండి.

కట్టూబొట్టూ 2 నిమిషాలు. బొమ్మ లేనిచోట "చాలా అందంగా ఉంది" అంటే ఎవరికీ ఏమీ కనపడదు. మంగళగిరి చీరకు ఒంటి మీద బుటాలుండవు, అందమంతా జరీ అంచులోనే. కాబట్టి రంగు, అంచు వెడల్పు, నూలా పట్టా, ఎండాకాలం మధ్యాహ్నం కచేరీకి ఓర్చుకోగలమా, ఇవి చెప్పండి. ఫొటోను ఎపిసోడ్‌లో ఆ భాగానికి బొమ్మగా జత చేయొచ్చు. రికార్డింగుకు మాత్రం గంజి పెట్టిన నూలు చీర, గాజులు వద్దు. కండెన్సర్ మైకు గరగర, గలగల రెండూ పడుతుంది.

మిగిలినదంతా సంగీతానికే. ఏడు పాటల జాబితా చదివేకంటే రెండింటిని విప్పి చెప్పడం మేలు.

జవాబు: ఆరోహణ

కాపీరైట్ హక్కులు మూడు పొరలు: సాహిత్యం, వరుస (బాణీ), రికార్డింగు. రచనకూ వరుసకూ కర్త జీవితకాలం, మరణించిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. రికార్డింగుకు విడుదలైన ఏడాది తర్వాత 60. 1960లో విడుదలైన ప్లేటుకు రికార్డింగు హక్కు 2020 చివరితో ముగిసింది.

త్యాగరాజు 1847లో పోయారు కాబట్టి కృతి మీరు వాయిస్తే అడ్డులేదు. ఇంకొకరి రికార్డింగు వేస్తే దాని లెక్క వేరు. బాలమురళిగారు 2016లో పోయారు, ఆయన తిల్లానాలకు 2076 చివరిదాకా హక్కుంది, మీరే వాయించినా సరే. అందరూ తడబడేది అన్నమయ్య దగ్గర. సాహిత్యం స్వేచ్ఛగానే ఉంది, కానీ ఇప్పుడు వినే వరుసలు చాలావరకు 20వ శతాబ్దానివి. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు కట్టినవైతే, ఆయన 1979లో పోయారు కాబట్టి 2039 చివరిదాకా. వరుస ఎవరిదో ముందు తెలుసుకోండి.

30 సెకన్లలోపు పర్వాలేదన్న నియమం చట్టంలో లేదు. సమీక్ష, విమర్శ కోసం న్యాయమైన వాడకానికి కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ చోటిస్తుంది. ఒక సంగతి (పాట పంక్తిని మార్చి మార్చి పాడే తీరు) వినిపించి, వెంటనే దాని గురించే మాట్లాడాలి. నేపథ్యంలో ఊరికే మోగించడం సమీక్ష కాదు. పైగా ప్లాట్‌ఫారం యంత్రం సెక్షన్లు చూడదు, రికార్డింగు గుర్తుపడితే ఆపేస్తుంది. ఆ సంగతిని మీరే వీణ మీద పలికించి చూపితే ఈ బాధ చాలావరకు తప్పుతుంది, పాఠంగా కూడా బావుంటుంది.

సత్యనారాయణపురం శ్రోత

మంద్రపంచమం గారూ, మాటకూ వీణకూ గట్టిదనం కలవడం లేదు. చివర్లో ఏ లెవెల్‌కి తేవాలి? మోనోనా స్టీరియోనా?

జవాబు: మంద్రపంచమం

స్టీరియో ఫైలు మొత్తం మైనస్ 16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు గట్టిదనం కొలత), శిఖరం మైనస్ 1 డీబీ దాటకూడదు. మాటకు కంప్రెసర్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించేది) 3:1 వేసి, వీణను కంప్రెస్ చేయకుండా మాట కంటే 2, 3 డీబీ తక్కువలో ఉంచండి. రెంటినీ ఒకే గట్టిదనానికి తెస్తే మీటు చెవిలో గుచ్చుకుంటుంది. వీణ ఉంది కాబట్టి ఎంపీ3 స్టీరియో 160 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) పెట్టండి. 64కి దిగితే తంబుర నాదం గరగరలాడుతుంది. కలిపిన ఫైలును అప్‌లోడ్‌కు ముందు ఒకసారి ఫోను స్పీకరులో వినండి. అందులో మంద్రం ఎలాగూ రాదు, మాట స్పష్టంగా ఉందో లేదో చూసుకుంటే చాలు.