‘అలిగిన వేళనే’: ఆ ‘నే’ ఏం చెబుతోంది?

అరసున్న: రెండు రోజులుగా ఒకటే లైను బుర్రలో తిరుగుతోంది. ‘గుండమ్మ కథ’ పాటని నేను చిన్నప్పటినుంచీ ‘అలిగిన వేళలో చూడాలి’ అనే పాడుకుంటున్నాను. మొన్న మా అక్క ‘వేళలో కాదే, వేళనే’ అని దిద్దింది. మళ్ళీ విన్నాను, ‘అలిగిన వేళనే చూడాలి, గోకుల కృష్ణుని అందాలు’ అని పల్లవి, సుశీల గారు ‘వేళనే’ అనే స్పష్టంగా పలికారు. పాఠం తేలిపోయింది కానీ అర్థం తేలలేదు. ఈ ‘నే’ వల్ల ‘అలిగినప్పుడు మాత్రమే చూడాలి’ అని వస్తుందా, లేక ఊరికే నొక్కి చెప్పడమేనా? ఇంకొకటి, పల్లవి వరకే చూస్తే అలిగింది ఎవరో కూడా చెప్పలేదు. కృష్ణుడా, చూసేవాళ్ళా?

యతిస్థానం: అలిగినవాడు చరణంలో ఉన్నాడు. వెన్న దొంగిలిస్తూ దొరికిపోతాడు, అల్లరేమిటని తల్లి అడుగుతుంది, ‘అడిగినందుకే’ అలుగుతాడు. నన్నడిగితే ‘వేళనే’ కంటే ఆ ‘అందుకే’ గొప్పది. ఒకే ఏకారం మూడు చోట్ల మూడు పనులు చేస్తోంది, గమనించండి. ‘వేళనే’లో సమయాన్ని బిగించింది. ‘రుసరుసలాడే చూపులలోనే’లో రుసరుసల లోపలే నవ్వు ఉంది, ఇంకెక్కడా వెతకొద్దు అంటోంది. ‘అడిగినందుకే’లో ‘ఆ మాత్రానికేనా!’ అని బుగ్గ నొక్కుకుంటోంది. పింగళి నాగేంద్రరావు గారు ఒక్క అచ్చుతో ఇంత చేశారు.

చెరువుగట్టు: నేను ఎప్పటినుంచో అనుకుంటున్న మాట ఒకటి చెప్తాను. చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు పొర్లిపోయే చోటుని అలుగు అంటాం కదా. అలగడం కూడా అక్కడినుంచే వచ్చి ఉంటుంది. మనసు నిండి పొర్లడమే అలక.

యతిస్థానం: బాణం మొనా అలుగే, చీమల్ని తినే జంతువూ అలుగే. మాట ఒకేలా వినిపించినంత మాత్రాన అన్నిటినీ ఒకే వేరుకి కట్టలేమండీ.

చెరువుగట్టు: వేరు సంగతి వదిలేయండి, పోలిక చూడండి. గట్టు తెగితే ఊరు మునుగుతుంది. అలుగు పారితే మునగదు, పైగా గట్టు నిలబడేది అది ఉండబట్టే. కోపానికీ అలకకీ తేడా అదే. ఇంట్లో అలక లేకపోతే ఏదో ఒకరోజు గట్టే తెగుతుంది.

పద్యాలపెట్టె: మరి తిక్కన గారి ‘అలుగుటయే యెరుంగని మహామహితాత్ముడు’ పద్యం సంగతేంటి? అక్కడ ధర్మరాజు అలిగితే సాగరాలన్నీ ఏకమైపోతాయి. మునగకుండా మిగిలేదేముంది?

యతిస్థానం: అది తిక్కన కాదండీ, తిరుపతి వేంకట కవుల నాటకం పాండవోద్యోగ విజయాలు. ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

పద్యాలపెట్టె: అవును, మీరన్నదే నిజం. కానీ ప్రశ్న అలాగే ఉంది. ఆ కవులు ‘కినియుటయే’ అనొచ్చుగా, కినియడమన్నా కోపగించడమే, గణాలు సరిపోతాయి. అలుగుటే ఎందుకు? ఎదుట ఉన్నది దాయాదులు కనక. పరాయివాడి మీద కోపం వస్తుంది, అలక రాదు. అలగాలంటే అవతల అయినవాడు ఉండాలి.

యతిస్థానం: గణాలు సరిపోతాయి, యతి చెడుతుంది, అంటే పాదం మొదటి అక్షరానికీ నడుమ అక్షరానికీ కుదరాల్సిన జోడీ. పదకొండో అక్షరం ‘మహా’లో హా, దానికి ‘అ’ కావాలి, ‘కి’ పనికిరాదు. ప్రతి పాదంలో రెండో అక్షరం కలవాల్సిన ప్రాస కూడా లకారం.

పద్యాలపెట్టె: యతి కోసం మాట వచ్చిందా, మాట వచ్చాక యతి కుదిరిందా అన్నది మీరూ నేనూ తేల్చలేం.

పారిజాతం: అలక గురించి ఇంతసేపు మాట్లాడుతూ ముక్కు తిమ్మనని ఎవరూ తలవలేదేం? పారిజాతాపహరణంలో సత్యభామ కాలితో కృష్ణుడి తలని తోసేస్తుంది. అక్కడ కవి వాడిన మాట ‘పేరలుక’. పెద్ద అలుక అన్నాడు కానీ ఆగ్రహం అనలేదు. తన్నులు తిన్న కృష్ణుడేమో దాన్ని ‘నెయ్యపుఁ గిన్క’ అంటాడు, స్నేహంతో వచ్చిన కినుకట! అది నాకు మన్ననే, నా ఒంటి పులకల ముళ్ళు తగిలి నీ పాదం నొచ్చిందేమో అని నా బాధ, ఇకనైనా ‘అల్క మానవుగదా’ అని బతిమాలతాడు. ఆ ‘గదా’ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. ఒక్క పువ్వు రుక్మిణికి వెళ్ళినందుకు ఇంత కథ. పింగళి వారి పిల్లకృష్ణుడు అలిగేవాడు, తిమ్మన కృష్ణుడు అలక తీర్చేవాడు. నా ఓటు తిమ్మనకే.

కొత్తచిగురు: అలుకా, అలకా? పెళ్ళిలో అలకపాన్పు అంటాం కదా.

యతిస్థానం: చిలుక చిలక అయినట్టే. తిమ్మన ‘పేరలుక’ అన్నాడు, ‘అల్క’ కూడా అన్నాడు. నడుమ ఉన్న ఉకారం అప్పటికే పల్చబడింది.

నాలుగోవరస: ఇంతమంది వ్యాకరణంలో ఉన్నారు కానీ ఆ పాట ఎవరి నోట ఉందో చూడలేదు. సినిమాలో పాడేది సావిత్రి, అంటే లక్ష్మి. గుండమ్మ సవతి కూతురు, ఇంటి చాకిరీ అంతా ఆమెదే. సరోజ గుండమ్మ కన్నబిడ్డ. సరోజ క్షణానికోసారి మూతి ముడుస్తుంది, ఎందుకంటే బుజ్జగించడానికి తల్లి ఉంది. లక్ష్మి అలిగితే పిలిచేదెవరు? అలగడం కూడా ఇంట్లో వాటా లాంటిదే, ఒక చెల్లెలికి దక్కింది, అక్కకి దక్కలేదు. ఇంకా చూడండి, యశోద కృష్ణుణ్ణి కన్న తల్లి కాదు. అయినా వాడు ఆమె మీద హాయిగా అలుగుతాడు. సవతి తల్లి దగ్గర పెరిగిన పిల్ల పెంచిన తల్లి మీద అలిగినవాణ్ణి అంత ఇష్టంగా పాడుతోంది. ఈ పాట ఎప్పుడు విన్నా నాకు గొంతు పట్టేస్తుంది.

యతిస్థానం: ఇది పాటలో లేదు, మీరు చదువుకున్నది. కానీ కాదనలేకపోతున్నాను.

పారిజాతం: అయితే ‘నే’కి ఇంకో అర్థం వస్తుంది. ‘మిగతా వేళల్లో వద్దు’ అని కాదు, ‘నాకు లేనిది ఆ వేళే’ అని.

పద్యాలపెట్టె: అది లాగడం అవుతుంది. ‘వేళన్’ మీద ఏకారం చేరింది, అంతే.

అరసున్న: ఇదంతా మా అక్కకి చదివి వినిపించాను. చిన్నప్పుడు నేను అలిగితే వంటింటి తలుపు వెనక నిలబడేదాన్ని, కాలి వేళ్ళు మాత్రం బయటికి కనబడేలా. అక్కే వచ్చి వేళ్ళ మీద నీళ్ళు చిలకరించి లాక్కెళ్ళేది. ‘మరి నువ్వెక్కడ అలిగేదానివే?’ అని అడిగాను. ‘నీ తర్వాత తలుపు ఖాళీ ఉంటేగా’ అంది. ఆ ‘నే’ సమయాన్ని బిగించేదే అని అక్క, నొక్కి చెప్పేదే అని నేను. ఇంకా వాదించుకుంటూనే ఉన్నాం.