63 కార్వెట్ స్ప్లిట్ విండో, 1/25 కిట్: రంగు, క్రోమ్ గురించి మీ అనుభవాలు చెప్పండి

గుంటూరు మిర్చి:
1963 షెవర్లే కార్వెట్ స్టింగ్ రే కూపే ప్లాస్టిక్ మోడల్ కిట్ (అసలు కారులో 25వ వంతు సైజు, వెనక అద్దం మధ్య పట్టీతో రెండుగా ఉండే స్ప్లిట్ విండో రకం) మొత్తానికి చేతికొచ్చింది. బాడీ ఎర్ర ప్లాస్టిక్, నాకేమో ఆ కారుకి కంపెనీ ఇచ్చిన సెబ్రింగ్ సిల్వర్ రంగు వేయాలని ఉంది. ప్లాస్టిక్ ఎరుపు రంగులోంచి పైకి తేలుతుందంటున్నారు, నిజమేనా? ఫెండర్ల మీద సన్న గీతలున్నాయి, అవి అసలు కారులోవేనా?

గ్లూ బాబాయ్:
అవి అచ్చు గీతలు, తీసేయాల్సిందే. బ్లేడు వీపుతో మెల్లగా గీకి తర్వాత వాటర్ పేపర్ 600, 1000 పట్టించు. కానీ ఈ కారు నడుం చుట్టూ తిరిగే పదునైన అంచు ఉంది చూడు, అందమంతా అక్కడే, రుద్దే ముందు దాని మీద టేపు వేసుకో. ఎరుపు తేలడం నిజమే, తెలుపు వేసినవాళ్లకి గులాబీ కారు తయారవుతుంది, అందుకే మధ్యలో సిల్వర్ కోటు అడ్డేస్తారు. నువ్వు వేసేదే సిల్వర్, బతికిపోయావ్.

వైజాగ్ వాసి:
వానాకాలంలో లాకర్ స్ప్రే జోలికి పోకండి. థిన్నర్ గబగబా ఆరేటప్పుడు పైభాగం చల్లబడి గాల్లో తేమ పట్టేస్తుంది, రంగు పాలిపోయి తెల్లగా అవుతుంది. అలా అయితే టెన్షన్ పడక్కర్లేదు, పొడి రోజు చూసి రిటార్డర్ (ఆరడం నెమ్మదించే ద్రవం) కలిపిన థిన్నర్ పొగలా పలచగా కొడితే చాలావరకు తేరుకుంటుంది. హార్డ్‌వేర్ షాపు ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ మాత్రం ప్రైమర్ (అడుగు కోటు) లేని ప్లాస్టిక్ మీద పడితే తినేస్తుంది.

డల్లాస్ తమ్ముడు:
స్ప్రే డబ్బాలు తెమ్మని ఎవరూ అడగొద్దు ప్లీజ్, విమానం ఎక్కనివ్వరు 🙂
బానెట్ చూసుకోండి. 63లో రెండు ఉత్తుత్తి గ్రిల్స్ ఉంటాయి, 64లో అవి తీసేసి గుంటలు మాత్రం ఉంచారు. వెనక అద్దం మధ్య పట్టీ జీఎం డిజైన్ హెడ్ బిల్ మిచెల్ పట్టుదల, వెనక ఏమీ కనపడదని ఇంజినీర్ డంటోవ్ గొడవ, చివరికి 64లో ఒకే అద్దం వచ్చింది. పట్టీతో అమ్మినవి 10,594 కూపేలే, వాటిలోనూ కొందరు ఓనర్లు పట్టీ కోయించి 64 అద్దం పెట్టించుకున్నారు! కాబట్టి కిట్‌లో పట్టీ విరిగినా కంగారు పడకండి, అదీ చరిత్రే.

గుంటూరు మిర్చి:
అమ్మో, విరగ్గొట్టనులే అన్నా. అద్దాలు దేంతో అంటించాలి? క్రోమ్ అంచులు?

గ్లూ బాబాయ్:
అద్దాలకి ఫెవికాల్, ఎండితే కనపడదు. సూపర్ గ్లూ ఆవిరికి అద్దం మసకబారుతుంది. అంచులకి బేర్ మెటల్ ఫాయిల్ (వెనక జిగురున్న పలచని లోహపు రేకు): కొంచెం వెడల్పుగా అతికించి టూత్‌పిక్‌తో నొక్కి, కొత్త బ్లేడుతో గాడి వెంట కోసి మిగిలింది లాగెయ్. పాత బ్లేడు కొయ్యదు, చింపుతుంది. క్రోమ్ పూత ఉన్న ముక్కలకి అతికేచోట పూత గీకాలి, లేకపోతే గ్లూ పట్టదు.

వైజాగ్ వాసి:
కింద భాగం వదిలేయకండి. వెనక రెండు చక్రాలకి కలిపి అడ్డంగా ఒకే కమాన్ కట్ట, ఆ కారులో నాకు అన్నిటికన్నా నచ్చింది అదే. నల్ల రంగు గుడ్డిగా కొట్టేస్తే ఆకులు విడివిడిగా కనపడవు, ముదురు బూడిద వేసి సందుల్లోకి పలచని నలుపు దింపండి.

గుంటూరు మిర్చి:
సరే, వానలు తగ్గేదాకా బాడీ పక్కన పెట్టి ఇంజిన్ మొదలుపెడతా. 327 (క్యూబిక్ అంగుళాల) ఇంజిన్‌కి ఏ రంగు?

డల్లాస్ తమ్ముడు:
ఇంజిన్ బ్లాక్‌కి షెవర్లే ఆరెంజ్ రంగు. 360 హార్స్‌పవర్ ఫ్యూయెల్ ఇంజెక్షన్ది కడుతుంటే వాల్వ్ కవర్లు అల్యూమినియం రంగు, 250, 300 వాటికైతే కవర్లూ ఆరెంజే. ముందు కిట్‌లో ఏ ఇంజిన్ ఇచ్చాడో ఫొటో పెట్టు.