భీమిలి, గరివిడి గనులు ఒకే రోజులో అవుతాయా?

అడిగింది: సీతమ్మధార నుంచి
కొత్తగూడెం నుంచి అత్తయ్యగారు, మామయ్యగారు వస్తున్నారు. మామయ్యగారు సింగరేణిలో చేసి రిటైరయ్యారు. బీచ్ ఎప్పుడూ ఉండేదే, ఇక్కడి గనులు చూపించమ్మా అంటున్నారు. ఒక ట్రావెల్స్ వాళ్లు ఉదయం భీమిలి, ఎర్రమట్టి దిబ్బలు, మధ్యాహ్నం గరివిడి మాంగనీసు గనులు, గైడు కూడా ఉంటాడు అన్నారు. ఒక్క రోజులో అయ్యే పనేనా? అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు.

మధురవాడ నుంచి
అవుతుందక్కా, కానీ వరస తిప్పేయండి. గనుల దగ్గర నీడ ఉండదు, మధ్యాహ్నం వెళ్తే మాడిపోతారు. ఆరుకల్లా బయలుదేరి విజయనగరం మీదుగా ముందు గరివిడి వెళ్లండి. భోజనాలయ్యాక భీమిలి, ఎండ తగ్గాక దిబ్బలు, అట్నుంచి బీచ్ రోడ్డు మీదుగా ఇంటికి. ఆదివారం మాత్రం వద్దు. సాయంత్రం రుషికొండ దగ్గర కారు కదలదు.

రిటైర్డ్ జియాలజీ లెక్చరర్
గైడంటే ఎవరో ముందు కనుక్కోండమ్మా. మా చుట్టాలకి డ్రైవరే గైడయ్యాడు. ‘ఇది గొయ్యి, అది ఇంకో గొయ్యి’ అన్నాడట, అంతే! పాత గనుల దగ్గర చెప్పేవాళ్లు లేకపోతే చూడ్డానికేమీ ఉండదు. మన దేశంలో మాంగనీసు తవ్వకం 1892లో మొదలైంది ఈ విజయనగరం ప్రాంతంలోనే. ఇక్కడి కోడూరు గని పేరు మీదే ఒక రాయికి కోడూరైట్ అని పేరు పెట్టారు. 1933లో విశాఖ ఓడరేవు తెరిచారంటే మధ్య పరగణాల (బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఇప్పటి మధ్యప్రదేశ్, నాగపూర్ వైపు ప్రాంతం) మాంగనీసును ఓడలకెక్కించడం అందుకు పెద్ద కారణం. మీ మామయ్యగారికి ఇవన్నీ నచ్చుతాయి. అయితే సింగరేణిలోలాగా లోపలికి దిగడం ఉంటుందనుకోవద్దని ముందే చెప్పండి.
ఇంకో మాట. వదిలేసిన గోతుల్లో నీళ్లు నిలుస్తాయి, అంచులు గుల్లగా ఉంటాయి. ఫొటో కోసం కూడా దగ్గరికి పోనివ్వకండి. పని జరిగే గనిలోకైతే మేనేజరు అనుమతి ముందే తీసుకోవాలి. గేటు దగ్గర బతిమాలితే పంపరు.

భీమిలి నుంచి
అత్తయ్యగారికి మా ఊళ్లో ఇబ్బంది ఉండదండి. డచ్చి వాళ్ల సమాధులు, లైట్‌హౌస్, గోస్తనీ సముద్రంలో కలిసే చోటు, అన్నీ కారు దిగి నాలుగడుగులే. దిబ్బల్లోనే కష్టం, ఇసకలో కాళ్లు దిగబడతాయి. ఆవిడ పైనుంచి చూస్తే చాలు. 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించిన చోటది, మట్టి పట్టుకెళ్లకండి (మా పిల్లలే సీసాలో నింపారు, తిట్టి పారబోయించా).

అడిగింది: సీతమ్మధార నుంచి
ఫోన్ చేశాను. డ్రైవరే గైడట! వాళ్లని వద్దనేసి కారు మాత్రం మాట్లాడుకున్నాం. లెక్చరర్ గారూ, మీరే మాతో రాకూడదా? విజయనగరంలో టిఫిన్ ఎక్కడ బాగుంటుందో కూడా చెప్పండి.

రిటైర్డ్ జియాలజీ లెక్చరర్
మంగళవారమైతే వస్తాను. ముందు సీటు నాది, నావీ మోకాళ్లే. టిఫిన్ సంగతి మూడు లాంతర్ల దగ్గర దిగాక చూద్దాం.