ల్యాబ్‌లోని సిస్టమ్‌లన్నింటినీ కలిపి డాకింగ్ లెక్కలు నడపడానికి ఏ ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తగినది?

ప్రశ్న: హన్మకొండ_పరిశోధకురాలు

అందరికీ నమస్కారం. నేను హన్మకొండలో ఔషధ మొక్కల రసాయనాలపై పరిశోధన చేస్తున్నాను. కంప్యూటర్ సైన్సు నేను చదువుకున్న విషయం కాదు కనుక, ప్రశ్న మరీ ప్రాథమికంగా ఉంటే మన్నించగలరు. ఒక ప్రొటీన్‌కు దాదాపు 6,000 అణువులను ఆటోడాక్ వైనా అనే ప్రోగ్రాముతో డాకింగ్ చేసి (అంటే ఒక్కో అణువు ప్రొటీన్‌కు ఎలా, ఎంత బలంగా అతుక్కుంటుందో లెక్కించి) చూడవలసి ఉంది. నా సిస్టమ్ మీద ఒక్కో అణువుకు సగటున 8 నిమిషాలు పడుతోంది. రాత్రింబగళ్లు ఆపకుండా నడిపినా పని పూర్తి కావడానికి నెల దాటుతుంది. మా విభాగం ల్యాబ్‌లో ఇటువంటివే 20 సిస్టమ్‌లు సాయంత్రం ఆరు నుంచి మరునాడు ఉదయం ఎనిమిది వరకు ఖాళీగా ఉంటాయి. వాటన్నింటి చేత ఈ పని చేయించవచ్చని సీనియర్లు అన్నారు. వెతికితే బోయింక్, హెచ్‌టీకాండోర్, స్లర్మ్, డాస్క్ అనే పేర్లు కనిపించాయి గానీ, అన్నీ ఒకే పని చేస్తామని చెప్పుకుంటున్నట్లు అనిపించింది. వీటి మధ్య తేడా ఏమిటి, నాకు ఏది సరిపోతుంది, దేనికైనా డబ్బు కట్టవలసి ఉంటుందా అన్నది వివరించగలరని కోరుతున్నాను.

జవాబు: కాజీపేట_సిస్టమ్స్

సాఫ్ట్‌వేర్ల పేర్లను కాసేపు పక్కన పెట్టి, ముందు మీ పని స్వభావాన్ని చూడండి. మీ 6,000 డాకింగ్‌లలో ఏ ఒక్కటీ మరొకదాని ఫలితం కోసం ఎదురుచూడదు. వాతావరణ అంచనా వంటి లెక్కలు అలా ఉండవు. అక్కడ ఒక ప్రాంతపు గాలిని లెక్కించే ప్రాసెసర్ ప్రతి అడుగులోనూ పక్క ప్రాంతాన్ని లెక్కించే ప్రాసెసర్‌తో అంకెలు ఇచ్చిపుచ్చుకోవాలి కాబట్టి, ఎంపీఐ (ప్రాసెసర్లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే ప్రమాణం) పద్ధతిలో రాసిన ప్రోగ్రాములూ, చాలా వేగమైన నెట్‌వర్కూ అవసరమవుతాయి. మీకు ఆ అవసరం లేదు. ఒక్కొక్క లెక్క ఎంత వేగంగా పూర్తయిందన్నది కాదు, వారం తిరిగేసరికి మొత్తం ఎన్ని లెక్కలు తెమిలాయన్నదే మీకు ముఖ్యం. ఈ రకం పనికి హై త్రూపుట్ కంప్యూటింగ్ అని పేరు. హెచ్‌టీకాండోర్ పేరులో మొదట ఉన్న హెచ్‌టీ అదే.

కాబట్టి నా సలహా హెచ్‌టీకాండోర్. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం, మాడిసన్‌లో 1988లో కాండోర్ అన్న పేరుతో మొదలైన ఈ ప్రాజెక్టు అసలు ఉద్దేశమే, మనుషులు వాడని సమయంలో ఖాళీగా ఉన్న డెస్క్‌టాప్‌లను పనిలో పెట్టడం. అపాచీ 2.0 అనే ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉచితంగా లభిస్తుంది. స్లర్మ్ కూడా జీపీఎల్ అనే మరో ఓపెన్ సోర్స్ లైసెన్సు కింద ఉచితమే; కానీ అది ఎప్పుడూ లెక్కల కోసమే కేటాయించిన క్లస్టర్‌ను (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపును) దృష్టిలో పెట్టుకొని రాసినది, పగలు విద్యార్థులు ప్రాక్టికల్స్ చేసుకునే సిస్టమ్‌ల కోసం కాదు. డాస్క్ అనేది పైథాన్‌లో లెక్క రాసుకునే వారికి ఉపయోగపడే లైబ్రరీ. మీది తయారుగా ఉన్న ప్రోగ్రాము కనుక దాని జోలికి పోనవసరం లేదు.

బోయింక్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్తవారు మొదట దానివైపే ఆకర్షితులవుతారు. గ్రహాంతర జీవుల సంకేతాల కోసం ఇళ్లలోని కంప్యూటర్లతో వెతికిన, 1999లో మొదలైన సెటీ ఎట్ హోమ్ ప్రాజెక్టు అనుభవంతో బర్కిలీలో 2002 ప్రాంతంలో దాన్ని నిర్మించడం ప్రారంభించారు. ప్రపంచంలో ఎక్కడో ఉన్న, మీకు పరిచయం లేని వ్యక్తి తన ఇంటి కంప్యూటర్‌ను మీ లెక్కకు ఇచ్చే ఏర్పాటు అది. ఆ కంప్యూటర్ సరిగ్గా లెక్కించిందో లేదో తెలియదు కాబట్టి, ఒకే పనిని ఇద్దరికి పంపి, వచ్చిన ఫలితాలను పోల్చి, సరిపోలితేనే స్వీకరించే పద్ధతిని చాలా బోయింక్ ప్రాజెక్టులు పాటించాయి. డాకింగ్‌కు అది పనికిరాదని కాదు. స్వచ్ఛందంగా ఇచ్చిన కంప్యూటర్లతో నడిచే వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌లో, జికా వైరస్‌కు మందు వెతకడానికి 2016లో మొదలైన ఓపెన్‌జికా ప్రాజెక్టు మీరు వాడుతున్న వైనాతోనే నడిచింది. అయితే ఆ స్థాయికి సర్వరు, డేటాబేసు, వచ్చిన ఫలితాలను పరిశీలించే ప్రోగ్రాములు అన్నీ మీరే నిలబెట్టుకోవాలి. ఒకే గదిలో ఉన్న 20 సిస్టమ్‌లకు అంత శ్రమ అక్కరలేదు.

ఇక హెచ్‌టీకాండోర్ పనిచేసే తీరు. పొద్దున కూలీల అడ్డా మీద మేస్త్రీ తనకు ఎటువంటి మనిషి కావాలో చెబుతాడు, కూలీ తాను ఏ పనికి ఎన్ని గంటలవరకు వస్తాడో చెబుతాడు, ఇద్దరి షరతులూ కుదిరితేనే పనికి పోతారు. ఇక్కడ కూడా ప్రతి జాబ్ (మీరు పంపే ఒక్కో పని) తనకు ఎన్ని కోర్లు (ప్రాసెసర్‌లో విడివిడిగా లెక్క చేసే భాగాలు), ఎంత మెమరీ కావాలో ప్రకటిస్తుంది. ప్రతి సిస్టమ్ తన దగ్గర ఏమున్నదో, ఎప్పుడు మాత్రమే పని ఒప్పుకుంటుందో ప్రకటిస్తుంది. సెంట్రల్ మేనేజర్‌గా పెట్టిన ఒక సిస్టమ్‌లోని కలెక్టర్ ఈ ప్రకటనలను సేకరిస్తే, నెగోషియేటర్ జతలు కుదురుస్తుంది. మీరు చేయవలసింది ఒక చిన్న సబ్మిట్ ఫైలు రాయడం మాత్రమే. అందులో చివరి వరుసలో క్యూ అన్న మాటకు అణువుల జాబితా ఉన్న ఫైలును జతచేస్తే, 6,000 జాబ్‌లు ఒకేసారి వరుసలో చేరతాయి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. వైనాకు ఏమీ చెప్పకపోతే సిస్టమ్‌లోని కోర్లన్నింటినీ వాడుకుంటుంది. సబ్మిట్ ఫైలులో ఒక్క కోరు అడిగి, వైనాకు సీపీయూ సంఖ్య ఇవ్వడం మరిచిపోతే, నాలుగు కోర్ల సిస్టమ్ మీద నాలుగు జాబ్‌లు చేరి, ప్రతిదీ నాలుగు కోర్ల కోసం పెనుగులాడుతుంది. రెండు చోట్లా ఒకటే అంకె ఉండాలి.

జవాబు: కరీంనగర్_గణితం

కాజీపేట మిత్రుడు చెప్పినదంతా సరైనదే గానీ, క్రమం మార్చాలని నా అభిప్రాయం. హన్మకొండ గారు ఇరవై సిస్టమ్‌లను కలిపే పనికి దిగేముందు, తన సిస్టమ్ మీదనే ఒక పరీక్ష చేయాలి. సిస్టమ్‌లో నాలుగు కోర్లు ఉన్నాయనుకుంటే, వాటన్నింటినీ ఒకే డాకింగ్‌కు ఇచ్చే బదులు, గ్నూ ప్యారలల్ (ఒకే సిస్టమ్ మీద అనేక ఆదేశాలను ఒకేసారి నడిపే ఉచిత ప్రోగ్రాము) సాయంతో ఒక్కో కోరు మీద ఒక్కో డాకింగ్ చొప్పున నాలుగు నడిపితే, ఒక్కొక్కటి ఆలస్యమైనా గంటకు పూర్తయ్యే మొత్తం సంఖ్య సాధారణంగా పెరుగుతుంది. ఆ పరీక్షలో వచ్చిన అంకెతోనే మిగతా లెక్క వేయండి. ఇప్పటి అంకెల ప్రకారమే చూసినా 48,000 నిమిషాలు, అంటే 800 గంటలు. రాత్రికి 14 గంటల చొప్పున 20 సిస్టమ్‌లు 280 గంటలు ఇస్తాయి కనుక, కాగితం మీద మూడు రాత్రుల పని. ఆటంకాలను కలుపుకుంటే వారం అనుకోవచ్చు.

హన్మకొండ_పరిశోధకురాలు

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరో రెండు సందేహాలు ఉన్నాయి. మా ల్యాబ్‌లో యూపీఎస్ అన్ని సిస్టమ్‌లకూ లేదు, ఎండాకాలంలో రాత్రి కరెంటు పోయే అవకాశం ఉంది. రెండవది, ల్యాబ్ ఇన్‌చార్జ్ సార్ "పగలు పిల్లల ప్రాక్టికల్స్‌కు సిస్టమ్‌లు నెమ్మదిస్తే ఒప్పుకోను" అంటున్నారు. ఆయనకు ఏమని చెప్పాలి?

జవాబు: కాజీపేట_సిస్టమ్స్

కరెంటు పోయిన సిస్టమ్ మీది జాబ్‌ను హెచ్‌టీకాండోర్ మళ్లీ క్యూలో పెట్టి, ఖాళీ ఉన్న మరో సిస్టమ్‌కు పంపుతుంది. అయితే ఆ జాబ్ మొదటినుంచి మొదలవుతుంది. అందువల్ల ఒక్కో జాబ్‌లో ఎన్ని అణువులు పెట్టాలన్నది మీరే తూకం వేసుకోవాలి. జాబ్ మరీ చిన్నదైతే పంపడానికీ తెచ్చుకోవడానికీ పట్టే సమయమే ఎక్కువవుతుంది, మరీ పెద్దదైతే కరెంటు పోయినప్పుడు గంటల పని పోతుంది. అరగంట నుంచి గంట లోపు పూర్తయ్యేలా నాలుగైదు అణువులను కలపడం మీ పరిస్థితికి సరిపోతుంది. జాబ్‌లను పంపే సిస్టమ్‌కు మాత్రం యూపీఎస్ తప్పక ఉండాలి, ఎందుకంటే క్యూ మొత్తం దానిమీదే ఉంటుంది.

ఇన్‌చార్జ్ సార్‌కు హెచ్‌టీకాండోర్‌లోని డెస్క్‌టాప్ పాలసీ గురించి చెప్పండి. అది పెట్టిన సిస్టమ్, పదిహేను నిమిషాలపాటు కీబోర్డునూ మౌస్‌నూ ఎవరూ ముట్టుకోకుండా, వేరే పనుల భారం కూడా తక్కువగా ఉన్నప్పుడే జాబ్‌ను తీసుకుంటుంది. ఎవరైనా వచ్చి కూర్చోగానే దాన్ని పక్కకు తప్పిస్తుంది. ఇది తనంతట తాను అమలు కాదు, ప్రతి సిస్టమ్ సెట్టింగుల ఫైలులో ఒక వరుస రాయాలి. ఆ వరుస లేకుండా ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. హెచ్‌టీకాండోర్ సిస్టమ్‌ల మధ్య మాట్లాడుకోవడానికి వాడే 9618 పోర్టును (నెట్‌వర్కు ద్వారాన్ని) ల్యాబ్ లోపలి నెట్‌వర్కుకు మాత్రమే తెరిచి, బయటికి మూసి ఉంచుతామన్న హామీని కూడా రాతపూర్వకంగా ఇవ్వండి.

సిస్టమ్‌లను ముట్టుకునేముందు మీ సిస్టమ్ ఒక్కదానిమీదే మినీకాండోర్‌ను (ఒకే సిస్టమ్ మీద నడిచే హెచ్‌టీకాండోర్‌ను) ఇన్‌స్టాల్ చేసుకొని, పది అణువులతో సాధన చేయండి. ఏదైనా జాబ్ హోల్డ్ స్థితిలో ఆగిపోతే భయపడవద్దు. చాలాసార్లు ఇన్‌పుట్ ఫైలు పేరు తప్పు పడటమే కారణమై ఉంటుంది, కాండోర్ క్యూ ఆదేశానికి హోల్డ్ అన్న ఆప్షన్ చేర్చి అడిగితే కారణం మాటల్లోనే చూపిస్తుంది.

జవాబు: కరీంనగర్_గణితం

ఒక్క మాట కలుపుతాను. వైనా వెతుకులాటలో యాదృచ్ఛిక సంఖ్యలు వాడుతుంది కాబట్టి, ప్రతి జాబ్‌కూ సీడ్ సంఖ్యను (ఆ యాదృచ్ఛిక సంఖ్యల వరుస ఎక్కడ మొదలవ్వాలో నిర్ణయించే అంకెను) మీరే ఇచ్చి నమోదు చేసుకోండి. అన్ని సిస్టమ్‌ల మీదా ఒకే వెర్షన్ ఉండాలి. బోయింక్ అక్కరలేకపోయినా దాని అనుమానం మాత్రం అరువు తెచ్చుకోదగినదే: ఓ యాభై అణువులను ఎంచి, అదే సీడ్‌తో వేర్వేరు సిస్టమ్‌ల మీద రెండుసార్లు నడిపి, బైండింగ్ ఎనర్జీలను (అణువు ఎంత బలంగా అతుక్కుంటుందో చెప్పే అంకెలను) పక్కపక్కన పెట్టి చూడండి. ఒక సిస్టమ్ ఫలితాలు మాత్రమే మిగతావాటితో పొసగకపోతే, దాని ర్యామ్‌ను పరీక్షించేదాకా ఆ సిస్టమ్‌ను పక్కన ఉంచండి.